చప్పట్లు కొట్టని ఊరు

కేశవమూర్తి మాస్టారిని నేను స్వయంగా కలిశాను. ఈ మాట బెజవాడలో నన్నెరిగిన వాళ్ళందరికీ ఒక్కసారైనా చెప్పే ఉంటాను. గవర్నరుపేటలో నా రికార్డుల కొట్టుకి వచ్చేవాళ్ళకైతే రికార్డు చేతికివ్వడానికి ముందే చెబుతాను. ఆయన మద్రాసు మెయిల్లో వెళుతూ మా స్టేషన్లో దిగారు. నేను పూలదండ పట్టుకుని సరిగ్గా పెట్టె తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "కాస్త జరుగు నాయనా" అన్నారు. జరిగాను. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, మళ్ళీ వచ్చి రైలెక్కేశారు. దండ నా చేతిలోనే ఉండిపోయింది.

నవ్వేవాళ్ళు నవ్వండి. మన సినిమాలకి అన్ని పాటలు కట్టిన మనిషి నాతో మూడు మాటలు మాట్లాడాడు. అందులో ఒకటి నాయనా. మీతో ఎన్ని మాట్లాడాడో చెప్పండి చూద్దాం.

అభిమానుల్లో అందరికీ తెలిసిన ఇంకో సంగతి ఉంది. ఒకప్పుడు మాస్టారు ఊరూరా కచేరీలు చేసేవారు. ఉన్నట్టుండి మానేశారు. సినిమాలకి చేస్తూనే ఉన్నారు గాని, జనం ఎదుట హార్మోనియం ముట్టుకోలేదు. దానికి కారణం కోయంబత్తూరు. అక్కడ మిల్లు వాళ్ళు పిలిచి కచేరీ పెట్టించుకుని, మూడు పాటలకి ఒక్కరంటే ఒక్కరు చప్పట్లు కొట్టలేదట. పైగా వాళ్ళు తెలుగువాళ్ళట. ఆ మాట విన్నప్పటి నుంచీ కోయంబత్తూరు పేరు చెబితే నాకు ఒళ్ళు మండేది.

మధురైలో అభిమాన సంఘం వాళ్ళు మాస్టారికి సన్మానం చేస్తున్నామని కబురు పంపారు. శాలువా కప్పించుకుని కూర్చుంటాను, వాయించమని మాత్రం అడగకూడదు అని షరతు పెట్టి ఒప్పుకున్నారట. నేను వెళ్ళక తప్పదు. వెళుతూ వెళుతూ కోయంబత్తూరులో దిగి, ఆ రాతి మనుషుల మొహాలెలా ఉంటాయో చూసి, నాలుగు మాటలతో కడిగేసి మరీ పోదామనుకున్నాను.

కోయంబత్తూరు

బెజవాడలో రోళ్ళు పగిలే ఎండల్లో బయలుదేరిన నాకు, కోయంబత్తూరు స్టేషన్లో తెల్లవారుజామున చలేసింది. పాలఘాటు వైపు కొండల సందులోంచి గాలి వస్తుందట. వేసవిలో దుప్పటి కప్పుకునే ఊరు మన దేశంలో ఉందని తెలిస్తే మావాళ్ళు సగం మంది ఇక్కడికే వచ్చేస్తారు.

నన్ను తీసుకెళ్ళడానికి రామసామి నాయుడుగారు వచ్చారు. నా కొట్టు నుంచి పోస్టులో రికార్డులు తెప్పించుకునే మనిషి. కారమడై పక్కన పొలాలు, ఊళ్ళో నీళ్ళ పంపులు చేసే కార్ఖానా. వాళ్ళవాళ్ళు ఈ గడ్డకి ఏ కాలంలో వచ్చారో ఆయనకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పంపు గురించైతే ఇంగ్లీషు. తెలుగు చదవడం మాత్రం రాదు. రికార్డు అట్ట మీది అక్షరాలు చూసి ఏ పాటో చెప్పలేరు, సూది ఆనించిన మరుక్షణం చెప్పేస్తారు.

"రాంగ, రాంగ. ప్రయాణం అంతా సౌఖ్యమా? ముందు నీళ్ళు తాగండి. మా సిరువాణి నీళ్ళు తాగినోడికి వేరే ఊరి నీళ్ళు దిగవుంగ" అన్నారు గడపలోనే. మాట చివర ఆ 'ంగ' మన 'అండీ' లాంటిదట.

కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఆ మాట ఎలా ఒప్పుకుంటాను? ఒప్పుకోకుండానే రెండు చెంబులు తాగాను.

నేను నోరు తెరిచినప్పుడల్లా ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఏమిటమ్మా అంటే, "మీరు మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టే ఉండాది అన్నా" అంది. నేనేమో వాళ్ళ తెలుగు వింతగా ఉందని మనసులో నవ్వుకుంటున్నాను. లెక్క సరిపోయింది.

ఫలహారానికి సంతగై పెట్టారు. ఉడికించిన బియ్యప్పిండిని మరలో సన్నగా దారాల్లా ఒత్తి, దాని మీద బెల్లం కలిపిన కొబ్బరిపాలు పోస్తారు. పొద్దున్నే తీపి! నేను కాస్త కారం ఉందా అని అడిగితే ఆవిడ జాలిగా చూసి రెండు పచ్చిమిరపకాయలు తెచ్చి విస్తరి పక్కన పెట్టింది. బెజవాడ పరువు కోసం రెండూ కొరికి తిన్నాను.

తిన్నాక అసలు పని చెప్పాను. మాస్టారిని అవమానించిన మిల్లు ఏది, నాకు చూపించండి అన్నాను. నాయుడుగారి మొహంలో నవ్వు పోయింది.

"ఆ కథ మీ ఊరి దాకా వచ్చెనా?" అన్నారు. "మిల్లు చూపిస్తాను. మా పంపులు వాళ్ళకే పోతాయి, లోపలికి విడుస్తారు. కానీ కోపం పక్కన పెట్టి రండి. ముందు అక్కడ పనిచేసే ఎస్తరును చూడండి."

మిల్లు లోపల

కోయంబత్తూరులో గడియారం అక్కర్లేదు. మిల్లు కూత పెడితే ఊరు లేస్తుంది, మళ్ళీ కూత పెడితే అన్నం తింటుంది. మేము వెళ్ళేసరికి షిఫ్టు మారుతోంది. లోపలికి పోయే సైకిళ్ళు, బయటికి వచ్చే సైకిళ్ళు. వచ్చేవాళ్ళ జుట్టు నిండా, కనుబొమల నిండా దూది.

నూలు చుట్టే హాల్లో అడుగు పెట్టగానే నాకు బుర్ర తిరిగింది. పాటలు అమ్ముకుని బతికేవాణ్ణి, చప్పుడు నాకు కొత్త కాదనుకున్నాను. ఇది చప్పుడు కాదు, గోడ. నాయుడుగారి చెవిలో నోరు పెట్టి అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

కాని అక్కడి ఆడవాళ్ళు హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు! ఒకామె బొటనవేలితో పెదవి తాకి పక్కకి వంచితే, నాలుగు మిషన్ల అవతల ఆమె పకపకా నవ్వింది. వేళ్ళతో, పెదవులతో, కనుబొమలతో మాట్లాడుకుంటున్నారు. మధ్యలో తెగిన పోగు ముడి వేస్తూనే ఉన్నారు.

అప్పుడే తలుపు దగ్గర ఒక పడుచు కనిపించింది. పురుడు పోసుకుని ఆ రోజే పనిలోకి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆమెని చూడగానే మొదటి వరస ఆడవాళ్ళు రెండు చేతులూ తల మీదికి ఎత్తి వేళ్ళు ఆడించారు. వెనక వరస ఎత్తింది. ఆ వెనకది. హాలంతా చేతులే. ఆ పిల్ల మొహం చూడాలి, పెళ్ళికూతురికి కూడా అంత కళ ఉండదు. నేను మాత్రం ఏదో ప్రమాదం జరిగింది, మిషన్లు ఆపమంటున్నారు అనుకుని గోడకి అతుక్కుపోయాను.

అందరికంటే ఎత్తుగా చేతులు ఎత్తిన ఆమె షిఫ్టు దిగి మా దగ్గరికి వచ్చింది. ఆమే ఎస్తరమ్మ. యాభైకి దగ్గర్లో ఉంటుంది, మనిషి సన్నం, గొంతు పెద్దది. మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళకి చెవులు మందగిస్తాయి, అందుకని గట్టిగా మాట్లాడతారు.

ఎస్తరమ్మ చెప్పింది

మిల్లు వెనక వరసగా కట్టిన ఇళ్ళని లైను అంటారు. ఎస్తరమ్మ ఇల్లు లైను చివర. గోడ మీద ఏసుప్రభువు పటం. ఆ పక్కనే, పత్రికలోంచి కత్తిరించి అద్దం కట్టించిన మాస్టారి ఫొటో. రాతి మనుషుల ఇంట్లో ఈ ఫొటో ఏమిటని నాకు తికమకగా ఉంది. అయినా తగ్గలేదు. "చప్పట్లు కొట్టలేదట గదా" అన్నాను.

"కొట్టలేదు సామీ" అంది. "కొట్టబాకండి అని చెప్పింది నేనే దా."

టీ గ్లాసు నా చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆ 'దా' తమిళం, మాటని నొక్కడానికి.

"లోపల చూస్తిరి కదా. ఆ సద్దులో చప్పట్లు కొడితే ఎవురికి వినపడతాది? అందుకు చేతులెత్తేది. చప్పట్లు బయట కొట్టేది, మానేజరు మాట్లాడితే. మేస్త్రి వెనకాల నిలబడి ఎవురు కొట్టలేదని చూస్తా ఉంటాడు. అట్లా కొట్టీ కొట్టీ మాకు చప్పట్లంటే విలువ పోయింది. చేతులెత్తేది మా మనిషికి. బిడ్డను కని తిరిగొచ్చినదానికి. పని చాలించి ఇంటికి పోయే పెద్దాయనకు. అంతకంటే పెద్ద మర్యాద మాకు తెలీదు సామీ."

అప్పటికే నాకు సగం అర్థమై, అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

"ఆయుధపూజ పొద్దు. ఏడాదికి ఆ ఒక్క పొద్దు దా మిల్లు నిలబడిపోయేది. మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, పొద్దున దొరలు మాట్లాడినారు, కొట్టినాము. సాయంత్రం మా లైను పండగ. ఒక్క ఆఫీసరు లేడు. మేమే చందా వేసి మాస్టర్ను పిలిస్తిమి. నేను ఇంటింటికీ పోయి చెప్తిని. మాస్టరు మన మనిషి, మన భాష మనిషి, దొరకు కొట్టినట్టు ఆయనకు కొట్టబాకండి, చేతులెత్తండి అని. ఒక పాటయ్యింది. అందరం ఎత్తినాము. ఆయన మా పక్కే చూస్తా ఉన్నాడు. స్టేజి పైన ఆయన మొహానికి పెద్ద లైట్లు. మా పక్క చీకటి. అది మాకు తోచలేదు సామీ. రెండో పాటకు ఇంకా రొంబసేపు ఎత్తినాము. మూడోది పడవ పాట. అది అయ్యినాక ఆయన పెట్టె మూసేసినాడు. లేస్తా ఉంటే ఇంకా పైకి ఎత్తినాము. పిల్లోళ్ళను భుజాల మీదికి ఎక్కించినాము, వాళ్ళ చేతులు ఇంకా పైకి పోతాయి కదా అని."

మిల్లు కూడా ఆగిపోయిన రోజు. సూది పడితే వినపడేంత నిశ్శబ్దంలో ఆ మహానుభావుడు వెలుగులో కూర్చుని చీకట్లోకి చూస్తూ ఏమనుకుని ఉంటాడో తలుచుకుని, తాగని టీ గ్లాసు కింద పెట్టేశాను.

"అలిసిపోయినాడేమో అనుకుంటిమి" అంది ఎస్తరమ్మ. "ప్రతి ఇంట్లోనూ ఒబ్బట్లు చేసి పెట్టినాము ఆయనకోసం. ఒక్కటి నోట పెట్టుకోకుండా కారెక్కినాడు. కారు తోలినోడు మా లైను మనిషే. తిరిగొచ్చి చెప్పినాడు, దారిలో మాస్టరు తబలా వాయించేటాయనతో ఒకటే మాట అన్నాడంట, రాళ్ళకు వాయించినాను, ఇంక చాలు అని."

లెటరు వేశారట, జవాబు రాలేదట. మద్రాసు పోయి చూద్దామని ఇద్దరు వెళితే గూర్ఖా గేటు దాటనివ్వలేదట.

"ఇప్పుడు ఆయనకు వయసయ్యింది. నాకు చెవులు పోతా ఉండాయి. ఆయనకు ఒక్క మాట చెప్పాల. మేము రాళ్ళు కాదు అని. అంతే దా."

కడిగేద్దామని తెచ్చుకున్న నాలుగు మాటలూ ఎటు పోయాయో తెలియదు. ఎల్లుండి మాస్టారు మధురైలో ఉంటారు, రేపు నాతో రండి అన్నాను. నాయుడుగారు నా మోచెయ్యి గిల్లారు.

"అక్కడ ఈమెను ఎవురు మాట్లాడనిస్తారుంగ?" అన్నారు మెల్లగా.

"నేనున్నాగా. నాకు మాస్టారితో పరిచయం ఉంది" అన్నాను. మూడు మాటల పరిచయం. అయినా ధైర్యానికేం తక్కువ?

బస్సులో

మర్నాడు ఎస్తరమ్మ బస్సుస్టాండుకి ఒక బిస్కెట్ల రేకుడబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. తెల్లవారుజామున లేచి చేసిన ఒబ్బట్లు. మన బొబ్బట్లే, కాస్త పలచన, నెయ్యి ఎక్కువ, యాలకుల వాసన బస్సంతా కమ్మేసింది. ఒక్కటి రుచి చూస్తానని చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఇది మాస్టరుకు తంబీ. ఆయన తిన్నాక దా నీకు." సామీ పోయి తంబీ అయ్యాను. నాకది బాగానే ఉంది.

ఆ బస్సు ఇంజను డ్రైవరు పక్కన కాక నా తలలో పెట్టినట్టుంది. మాటలు వినపడక నేను ఊరుకుంటే ఎస్తరమ్మకి తోచలేదు, మిల్లు భాష నేర్పడం మొదలెట్టింది. మీసం మెలేస్తే మేస్త్రి వస్తున్నాడని. మెడ మీద చూపుడువేలు గీస్తే పోగు తెగిందని. పెదవికి బొటనవేలు ఆనిస్తే టీ. ముందు సీట్లో మొగుడూ పెళ్ళామూ గుసగుసలాడుకుంటున్నారు. ఎస్తరమ్మ డ్రైవరు అద్దంలో వాళ్ళ పెదవులు చూసి నాకు మొత్తం చెప్పేసింది. ఆవిడ తమ్ముడి పెళ్ళికి వీడు కొత్త చొక్కా కుట్టించుకోనంటున్నాడట. ఊరొచ్చేసరికి ఒప్పుకున్నాడు, నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యలో ఒకసారి ఆమె నవ్వు ఆపి అడిగింది. "ఆయన కోపం చేస్తే ఏం చేసేది తంబీ?"

"చెయ్యరు. నాకు తెలుసు" అన్నాను. నాకేమీ తెలియదు.

దిండిగల్

దిండిగల్లో బస్సు మారాలి. ఈ ఊరు రెండిటికి పేరు, తాళాలకీ బిరియానీకీ. ముందు బిరియానీ తిన్నాం. జీలకర్రంత సన్న బియ్యం, మిరియాల ఘాటు. కారం తెలియని దేశం అని నేను వేసిన ముద్ర ఒక్క ప్లేటుతో చెరిగిపోయింది. ఎస్తరమ్మ నా కళ్ళ నీళ్ళు చూసి నీళ్ళ గ్లాసు ఇటు జరిపింది.

తర్వాత తాళం కొన్నాను. కొట్టువాడు, ఈ తాళం వేస్తే చేసినవాడు కూడా తీయలేడని ప్రమాణం చేశాడు. సరే చూద్దామని నా సంచికి అక్కడే బిగించాను. సంచిలో మాస్టారికి తెచ్చిన జరీ శాలువా, నెల రోజులు కూర్చుని రాసుకున్న సన్మాన పద్యాలు ఉన్నాయి. మధురై బస్సు కదిలాక జేబులు తడుముకున్నాను. తాళంచెవి బిరియానీ కొట్లో చెయ్యి కడుక్కునేచోట గట్టు మీద పెట్టిన గుర్తు.

కొట్టువాడు అబద్ధం చెప్పలేదు. మధురైలో ఇద్దరు ప్రయత్నించారు, రాలేదు. ఆఖరికి బెజవాడ వచ్చాక సంచి కోయించాను.

మధురై

మధురైలో సంఘం కార్యదర్శి అళగిరి నాయుడు. ఆండిపట్టి దగ్గర పత్తి పండించే కుటుంబం, ఇక్కడ దూది వ్యాపారం. మల్లెపూలూ గంధమూ ఇచ్చి లోపలికి తీసుకువెళ్ళారు. దూరప్రాంతాల అభిమానులంతా ఒకే గదిలో చేరి, ఎవరు మాస్టారిని ఎలా కలిశారో చెప్పుకుంటున్నారు. చెప్పుకోవడమా అది, పందెం! ఒక దర్జీ మాస్టారి జుబ్బాకి గుండీ కుట్టాడట, ఆ సూది దాచుకున్నాడు. ఒక పూలమ్మే ఆవిడ దగ్గర ఆయన మూర మల్లెలు కొని, పూలు నలగకుండా రుమాలు అడిగారట. ఒక పోస్టుమాస్టరు ఆయన తాగి వదిలిన కాఫీ గ్లాసుని ఇంతవరకూ కడగలేదు. నేను నా మూడు మాటలూ చెప్పాను. గదిలో గౌరవంగా తలలు ఊగాయి. నాయనా అనిపించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఎస్తరమ్మ మూల కూర్చుని అందరి పెదవులూ చూస్తోంది. "మీరు చూశారామ్మా మాస్టర్ని?" అని దర్జీ అడిగాడు. "చూస్తిమి. ఆయన దా మమ్మల్ని చూడలేదు" అంది.

అళగిరి నాయుడిని పక్కకి పిలిచి సంగతి చెప్పి, ఈమెకి వేదిక మీద రెండు నిమిషాలు ఇమ్మన్నాను. ఆయన గుండె పట్టుకున్నాడు.

"అయ్యో, వద్దుంగ! ఆయన ముందర కోయంబత్తూరు పేరే తీయకూడదు. పోయినసారి ఎవురో తీస్తే భోజనం దగ్గర లేచిపోయినారు. ఇది నా పరువు సంగతి. ఆమెను ఆడోళ్ళ పక్క కూచోబెట్టండి, కార్యక్రమం చూసి పోనీ."

ఇది నా కథ అయితే పోట్లాడి ఉండేవాణ్ణి. కాని ఎస్తరమ్మే నా చొక్కా పట్టి లాగింది. "ఉండనీ తంబీ. నేను నోరు తెరవను" అంది.

సన్మానం

ఒక మిల్లు వాళ్ళ హాలు. మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఎండ రాకుండా కిటికీలకి మందపాటి తెరలు వేసి, వేదిక మీద దీపాలు పెట్టారు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆ మిల్లు పనివాళ్ళే, తెలుగువాళ్ళూ తమిళులూ కలిసి. మాస్టారు వచ్చారు. చిక్కిపోయారు. కర్ర పట్టుకున్నారు. పిల్లలెవరో ప్రార్థన పాడితే తల ఊపారు. తర్వాత శాలువా కప్పారు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు. నేనూ అరచేతులు మండేదాకా కొట్టాను. ఆయన మాత్రం పని అయిపోయిన మనిషిలా కుర్చీలో వెనక్కి వాలారు.

చప్పట్లు ఆగాయి. ఆడవాళ్ళ పక్క, ముందు వరస చివర, ఎస్తరమ్మ లేచి నిలబడి ఉంది. రెండు చేతులూ పైకి ఎత్తి వేళ్ళు ఆడిస్తోంది. నోరు తెరవలేదు, మాట మీద నిలబడింది. అళగిరి నాయుడు వేదిక మీంచి కూచో కూచో అని సైగలు చేస్తున్నాడు. ఆ సైగ ఆమెకి అర్థం కాకపోవడమా! కూర్చోలేదు.

ఆమె పక్కనున్న మిల్లు ఆడమనిషి ఒకసారి ఆమె వంక, ఒకసారి మాస్టారి వంక చూసింది. తనూ లేచి చేతులెత్తింది. మధురై మిల్లులోనూ అదే గోల, అదే భాష. వెనక వరస లేచింది. మగవాళ్ళ పక్క లేచింది. నా చుట్టూ చేతులు.

మాస్టారు ముందుకి వంగి మైకు అందుకున్నారు. "ఏమిటమ్మా? ఏం కావాలి? ఎందుకలా చేతులెత్తారు?"

ఇప్పుడు నోరు తెరవక తప్పదు. "ఏమీ వద్దు సామీ" అంది ఎస్తరమ్మ పెద్దగా. "ఇది చప్పట్లు. మిల్లులో మేము ఇట్లా దా కొట్టేది. కోయంబత్తూరులోనూ మీకు ఇట్లా దా కొట్టినాము. మీకు కనపడలేదు."

అళగిరి నాయుడు కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"మూడు పాటలకీనా?" అన్నారు.

"మూడింటికీ సామీ. మీరు లేస్తా ఉంటే పిల్లోళ్ళను భుజాల మీదికి ఎక్కించినాము."

"లైట్లు నా కళ్ళలో ఉన్నాయి" అన్నారాయన. మాతో కాదు, తనలో తాను. తర్వాత అళగిరి నాయుడి వైపు తిరిగి, "ముందు ఆ తెరలన్నీ తీయించండి. ఈ దీపాలు ఆర్పండి. ఆ ప్రార్థనకి పెట్టిన హార్మోనియం ఇటు ఇవ్వండి" అన్నారు.

తెరలు తీయగానే మధురై ఎండంతా లోపలికి వచ్చింది. ఆ ఎండలో ఆయన పడవ పాట పాడారు. గొంతులో వెనకటి బలం లేదు, రెండో చరణంలో ఒకచోట విరిగింది, దాన్ని అలాగే పట్టుకుని దాటించారు. నేను ఏడ్చాను. చుట్టుపక్కల చాలామంది ఏడ్చారు. పాట అయిపోయింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి లేచిన నా చేతుల్ని సగంలో ఆపి పైకి ఎత్తడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మాస్టారి చూపు ఒక్కో వరస మీంచీ వెనక గోడ దాకా వెళ్ళింది, మళ్ళీ మొదటికి వచ్చింది. ఎవరూ చేతులు దించలేదు.

ఆ తర్వాత జనం వేదిక మీదికి ఎగబడ్డారు. అందరికంటే ముందు చేరినవాణ్ణి నేనే, ఇలాంటివి నాకు అలవాటే. శాలువా లేదు, పద్యాలు లేవు, సంచికి దిండిగల్ తాళం. అయినా మాట ఉంది కదా. "మాస్టారూ, నేను బెజవాడ స్టేషన్లో..." అని మొదలెట్టాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "కాస్త జరుగు నాయనా. వెనక ఆవిడ ఆగిపోయింది."

జరిగాను. నా వెనక రేకుడబ్బా గుండెలకి హత్తుకుని ఎస్తరమ్మ నిలబడి ఉంది. మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"ఆ పొద్దు తినకుండా పోతిరి" అంది.

మాస్టారు ఒక ఒబ్బట్టు తీసుకుని చేతిలో పట్టుకున్నారు. "నేను వెళ్ళిపోయాక మీరంతా తిన్నారా?"

"ఎవురూ తినలేదు సామీ. ఏ ఇంట్లోనూ."

ఆయన తినడం మొదలెట్టారు. మెల్లగా, పళ్ళు లేని పక్కన నమలకుండా, మొత్తం తిన్నారు. ఇంకొకటి తిన్నారు. నెయ్యి చేతులు అప్పుడే కప్పిన పట్టుశాలువాకి తుడుచుకున్నారు. తర్వాత ఎస్తరమ్మ డబ్బా నా వైపు తిప్పింది.

"ఇప్పుడు తిను తంబీ."

బెజవాడ వచ్చాక కొట్టుకి వచ్చేవాళ్ళకి నా మాట కొద్దిగా మార్చి చెబుతున్నాను. మాస్టారిని నేను ఒకసారి కాదు, రెండుసార్లు కలిశాను. రెండుసార్లూ నన్ను జరగమన్నారు. మొదటిసారి కుళాయి కోసం జరిగాను, రెండోసారి ఎస్తరమ్మ కోసం జరిగాను.